నెమ్మదిగా దించేటప్పుడు ఎయిలెరాన్ (రెక్క చివర వెనక అంచున కదిలే పలక) పనిచేయడం లేదు, ఎడమ రెక్క పడిపోతోంది. ఎయిలెరాన్ పెద్దది చేయాలా?

గంటస్తంభం77
నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చుని కట్టుకున్న రేడియోతో నడిపే మోడల్ విమానం ఈ ఆదివారం మూడోసారి ఎడమ రెక్క మీద పడింది. మొదటి రెండుసార్లు గడ్డి మీద పడి బతికిపోయింది. ఈసారి చక్రం కాడ వంగింది, రెక్క చివర మూడు రిబ్బులు విరిగాయి.

వివరాలు ఇవి. సూపర్ కబ్ లాంటి బుష్ ప్లేన్ (రన్‌వే లేని చోట కూడా దిగే చిన్న విమానం) మోడల్. బల్సాతో కట్టి పైన ఫిల్మ్ వేశాను. రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి 2.4 మీటర్లు, వెడల్పు 36 సెం.మీ., బ్యాటరీతో కలిపి 5.2 కిలోలు. రెక్క ఆకారం క్లార్క్ వై. ఎగరేసేది గజపతినగరం వైపు ఎండిపోయిన చెరువులో.

స్పీడుగా ఉన్నప్పుడు చెప్పినట్టు వింటుంది. దించడానికి థ్రాటిల్ తగ్గించాక స్టిక్ ఎంత తిప్పినా పట్టించుకోదు. నేల ఇంకా రెండు మీటర్లుందనగా ఎడమ రెక్క వాలుతుంది. కుడికి స్టిక్ ఇస్తే లేవాల్సింది పోయి ఇంకా వాలుతుంది. మూడుసార్లూ ఇదే కథ.

ఎయిలెరాన్లు చిన్నవైపోయాయని నా అనుమానం. ఇప్పుడు రెక్క వెడల్పులో నాలుగో వంతు ఉన్నాయి. ఎలాగూ రెక్క విప్పాలి కాబట్టి మూడో వంతుకు పెంచుదామనుకుంటున్నాను. బ్లేడు పెట్టే ముందు తెలిసినవాళ్ళు చెప్పండి. నెమ్మదిగా, కొద్ది జాగాలో దిగడం కోసమే ఈ విమానం కట్టాను. అది రాకపోతే నాకు తృప్తి లేదు.

చీపురుపల్లి_సర్వో
పెంచెయ్. దాన్ని కదిపే మోటారు, సర్వో, కూడా గట్టిది పెట్టు, థ్రో, అంటే అది కదిలే దూరం, పెంచు. నా ఫోమ్ విమానానికి ఎయిలెరాన్ పెద్దది చేశాకే దారికొచ్చింది.

ఏరో_మూడోఏడు
లెక్క ప్రకారం ఒక మాట. ఎయిలెరాన్ బలం వేగం మీద కాదు, వేగం వర్గం మీద ఆధారపడుతుంది. గంటకు 60 కి.మీ.లో ఉన్న బలం 30 కి.మీ.కి వచ్చేసరికి సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. అందుకే పైన బాగా వినే విమానం కింద వినదు. మీ బరువుకి, రెక్క వైశాల్యానికి లెక్కేస్తే ఫ్లాప్ (దిగేటప్పుడు రెక్క వెనక కిందికి దించే పలక) లేకుండా దాదాపు 31 కి.మీ. దగ్గర స్టాల్ వస్తుంది, అంటే రెక్క పైన గాలి ఊడిపోయి లిఫ్ట్ పడిపోతుంది. మీరు దాన్ని ఆనుకుని దించుతున్నట్టున్నారు.

పాత_ఫిట్టర్
బ్లేడు పక్కన పెట్టు బాబూ. ఎయిర్‌ఫోర్సులో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. ముందు ఇవి కొలిచి చెప్పు.

ఎయిలెరాన్‌కీ రెక్కకీ మధ్య సందు ఎంత? పైకి ఎంత లేస్తుంది, కిందికి ఎంత దిగుతుంది? బ్యాలన్స్ పాయింటు ముందు అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లు? రెండు రెక్కల మెలిక ఒకేలా ఉందా? పడినప్పుడు కాలు, అంటే తోక మీది నిలువు పలక రడ్డర్, వాడావా?

గంటస్తంభం77
సందు 3 మి.మీ. ఉంది, హింజ్ బిగుసుకోకూడదని వదిలాను. పైకి 40 మి.మీ., కిందికి 40 మి.మీ., రెండూ సమానం. బ్యాలన్స్ 11 సెం.మీ. దగ్గర. రడ్డర్ వాడలేదు, నేల మీద తిప్పడానికి తప్ప ముట్టుకోను. మెలిక కొలవలేదు. ప్లాను ప్రకారం బల్లమీద పెట్టే కట్టాను, సమానంగానే ఉండాలి.

పాత_ఫిట్టర్
"ఉండాలి" అన్న మాటతో విమానం ఎగరదు బాబూ, కొలవాలి. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ రెక్క కుడి స్టిక్‌కి ఎందుకు ఇంకా వాలిందో చెబుతాను, ఇది అర్థమైతే సగం పనైనట్టే.

ఎడమ రెక్క వాలింది. నువ్వు కుడికి స్టిక్ ఇచ్చావు. అంటే ఎడమ ఎయిలెరాన్ కిందికి దిగింది. ఎయిలెరాన్ కిందికి దిగితే ఆ చివర రెక్క గాలికి ఇంకా నిటారుగా నిలబడినట్టు లెక్క. స్పీడుంటే దానివల్ల లిఫ్ట్ పెరిగి రెక్క లేస్తుంది. కానీ నువ్వు అప్పటికే స్టాల్ అంచున ఉన్నావు. ఆ అంచున ఇంకాస్త నిటారు చేస్తే పైన అంటుకుని పారుతున్న గాలి ఊడిపోతుంది. లిఫ్ట్ పెరగాల్సిన చోట పడిపోతుంది. నువ్వు లేపబోయిన రెక్కని నువ్వే స్టాల్ చేశావు.

రెండోది, కిందికి దిగిన ఎయిలెరాన్ గాలిని ఎక్కువ లాగుతుంది. ఎడమ పక్క లాగుడు పెరిగితే ముక్కు ఎడమకే తిరుగుతుంది. నువ్వు కుడి అడిగావు, ముక్కు ఎడమకి పోయింది. ఎడమ రెక్క వెనకబడింది, దాని వేగం ఇంకా తగ్గింది. దీన్నే అడ్వర్స్ యా అంటారు. విమానం ఎంత నెమ్మదైతే ఇది అంత ఎక్కువ.

ఇప్పుడు ఎయిలెరాన్ పెద్దది చేశావనుకో, ఈ రెండు జబ్బులూ పెద్దవవుతాయి.

చీపురుపల్లి_సర్వో
మరి నా విమానానికి పెద్దది చేస్తే బాగైంది కదా మావయ్యగారూ. కళ్ళారా చూసిందే చెబుతున్నాను.

ఏరో_మూడోఏడు
మీది 800 గ్రాముల విన్యాసాల ఫోమ్ విమానం అనుకుంటాను అన్నా. దానికి బరువుతో పోలిస్తే రెక్క చాలా ఎక్కువ, మోటారు బలం కూడా బరువుకి మించి ఉంటుంది. మీరు స్టాల్ దాకా వెళ్ళకుండానే నెమ్మది చేయగలరు. 5.2 కిలోల కబ్ అలా కాదు. మీ అనుభవం నిజమే, కానీ అది ఈ విమానానికి వర్తించదు.

చీపురుపల్లి_సర్వో
750 గ్రాములు. సరే, ఒప్పుకున్నాను.

భావనపాడు_కుర్రోడు
నాకు విమానాలు తెలీదు, ఎప్పుడైనా ఎవరైనా ఎగరేస్తే చూస్తాను. కానీ మా నాన్న బోటు మీద పెరిగాను. ఈ సంగతి మాకు పాతదే. బోటు నడుస్తుంటే చుక్కాని వేలితో తిప్పొచ్చు. ఒడ్డు దగ్గర ఇంజను తగ్గించి నెమ్మదిస్తే చుక్కాని ఎంత తిప్పినా బోటు తిరగదు. మరీ అడ్డంగా తిప్పితే నీళ్ళు దాని వెనక సుడి తిరుగుతాయి, బోటు ఆగిపోతుంది గానీ తిరగదు. అప్పుడు నాన్న ఏం చేస్తాడంటే ఇంజను ఒక్కసారి కాస్త పెంచుతాడు. ఫ్యాను నీళ్ళు చుక్కాని మీద పడతాయి, వెంటనే తిరుగుతుంది. విమానానికీ ఫ్యాను ముందే ఉంది కదా, అలా పనికిరాదా?

పాత_ఫిట్టర్
భేష్ నాన్నా. నువ్వు విమానాలు తెలీదన్నావు గానీ అసలు కీలకం చెప్పేశావు.

ప్రొపెల్లర్ గాలి తోక మీద పడుతుంది. అంటే రడ్డర్‌కీ, ముక్కు ఎత్తి దించే ఎలివేటర్‌కీ విమానం వేగం కాక అదనపు గాలి అందుతుంది. ఎయిలెరాన్లు రెక్క చివర్లలో ఉంటాయి, వాటికి ఆ గాలి తగలదు. అందుకే స్టాల్ అంచున ఎయిలెరాన్ చచ్చిపోయినా, కొంచెం థ్రాటిల్ ఉంటే రడ్డర్ బతికే ఉంటుంది. ఎడమ రెక్క వాలిందా, కుడి రడ్డర్ ఇవ్వు. ముక్కు కుడికి తిరుగుతుంది, ఎడమ రెక్క ముందుకు వస్తుంది, దాని వేగం పెరుగుతుంది, అదే లేస్తుంది. గంటస్తంభం బాబు రడ్డర్ ముట్టుకోనన్నాడు, నాకు బాధ కలిగించింది అదే.

అలాస్కా_తెలుగోడు
మాది నరసన్నపేట, పదేళ్ళుగా యాంకరేజ్‌లో ఉంటున్నాను. ఇక్కడ లైసెన్సు తీసుకుని ఇద్దరం కలిసి ఒక పాత సూపర్ కబ్ కొన్నాం. మనిషి ఎక్కే అసలు బుష్ ప్లేన్ సంగతి నేను చెప్పగలను.

నాకు నేర్పినాయన మొదటి వారం అంతా నన్ను స్టాల్ అంచున ఎగరనిచ్చి స్టిక్ మధ్యలో పట్టుకుని కదపనివ్వలేదు. రెక్క ఎటు వాలినా కాళ్ళతోనే లేపమన్నాడు. మొదట భయమేసింది, వారం తిరిగేసరికి ఒంటబట్టింది. పాత_ఫిట్టర్ గారు చెప్పింది ఇక్కడ మొదటి పాఠం. సూపర్ కబ్ 1949 నుంచి ఉంది, ఇప్పటికీ నది ఒడ్డు ఇసుకమేటల మీద దించేది ఎక్కువగా ఇలాంటివే.

నెమ్మదిలో పట్టు పెంచడానికి రకరకాల విమానాలు రకరకాల దారులు పట్టాయి. జర్మన్ల ఫీజలర్ స్టార్చ్ 1936లో మొదటిసారి ఎగిరింది, దాని రెక్క ముందు అంచు పొడవునా కదలని స్లాట్ ఉంటుంది. ముందు పట్టీకీ రెక్కకీ మధ్య సందులోంచి గాలి దూసుకొచ్చి రెక్క పైన గాలిని అంటిపెట్టి ఉంచుతుంది. హీలియో కొరియర్‌కి స్లాట్లు నెమ్మదైనప్పుడు వాటంతటవే బయటికొస్తాయి. పైగా ఎయిలెరాన్‌తో పాటు రెక్క పైన సన్నని పలక లేచి ఆ పక్క లిఫ్ట్ చంపి విమానాన్ని వాల్చుతుంది. కెనడా బీవర్‌కి ఫ్లాప్ దించితే ఎయిలెరాన్లు కూడా కొంత దిగుతాయి. జెనిత్ సీహెచ్ 701లో ఎయిలెరాన్, ఫ్లాప్ ఒకటే, అది రెక్క వెనక కిందుగా వేలాడుతుంది, రెక్క పైన గాలి చెడినా దానికి మంచి గాలి అందుతుంది.

నా కబ్‌కి వోర్టెక్స్ జనరేటర్లు పెట్టించాం. రెక్క పైన ముందు అంచుకి దగ్గరగా వరసగా నిలబెట్టే చిన్న పలకలు. ఒక్కొక్కటి గాలిని చిన్న సుడిగా తిప్పి పైనున్న జోరుగాలిని రెక్క చర్మం దాకా తెస్తుంది. అలసిపోయిన గాలికి బలం వస్తుంది, త్వరగా ఊడిపోదు. స్టాల్ స్పీడు తగ్గింది కొంచెమే. కానీ ఎయిలెరాన్ చివరిదాకా చేతికి తెలుస్తుంది, నాకు అదే విలువ. ఇక్కడ మనిషి ఎక్కే సర్టిఫైడ్ విమానానికి ఇలాంటి ఏ మార్పుకైనా అనుమతి ఉన్న కిట్టే వాడాలి, మెకానిక్ సంతకం ఉండాలి. మోడల్‌కి మీకు ఆ ఇబ్బంది లేదు, ఎన్ని ప్రయోగాలైనా చేయండి.

బల్సాబాబు
బీవర్ లాగా ఎయిలెరాన్లు కూడా దించితే ఇంకా నెమ్మదిగా దిగొచ్చు కదా? రేడియోలో మిక్స్ ఒక్క నిమిషం పని. నేను అలా ఫ్లాపెరాన్ (ఎయిలెరాన్లనే ఫ్లాప్‌గా వాడటం) పెట్టే దించుతాను.

పాత_ఫిట్టర్
ఈ బాబుకి వద్దు. రెండు ఎయిలెరాన్లూ దించితే రెక్క చివర్లు నిటారుగా నిలబడతాయి, చివర్లే ముందు స్టాల్ అవుతాయి. అతని జబ్బే అది. బీవర్ రెక్కని దానికి తగ్గట్టు గీశారు. ఇతను చేయాల్సింది తిరగేసి, ఫ్లాప్ దించినప్పుడు రెండు ఎయిలెరాన్లూ 5, 6 మి.మీ. పైకి లేపడం. అప్పుడు రెక్క మధ్య భాగం ముందు స్టాల్ అవుతుంది, చివర్లు ఆఖరున.

బల్సాబాబు
లిఫ్ట్ కొంత పోతుంది కదా మరి. దిగే వేగం పెరుగుతుంది.

పాత_ఫిట్టర్
పెరుగుతుంది, గంటకి ఒకటి రెండు కి.మీ. నిలకడగా 30లో దిగడం మేలా, 28లో ఒరిగిపోవడం మేలా? నీ విమానం తేలికదైతే నీ పద్ధతి నీకు సరిపోతుంది, నేను కాదనను.

బల్సాబాబు
నాది 2 కిలోలే. అయినా ఆదివారం మీరు చెప్పినట్టు చేసి చూస్తాను, తేడా తెలుసుకోవాలనుంది.

ఉద్దానం_కొబ్బరి
మే నెల ఎండల వల్ల కాదా? గాలి పల్చబడుతుందంటారు. మా వైపు మధ్యాహ్నం ఎగరేస్తే ఏ విమానమూ సరిగా ఉండదు.

ఏరో_మూడోఏడు
15 డిగ్రీలతో పోలిస్తే 40 డిగ్రీల్లో గాలి సాంద్రత 8 శాతం తక్కువ. స్టాల్ స్పీడు దాని వర్గమూలం ప్రకారం 4 శాతం పెరుగుతుంది. 31 అనుకున్నది 32 అవుతుంది, అంతే. రెక్క పడిపోవడానికి అది చాలదు. మధ్యాహ్నం నేల వేడికి లేచే గాలి కుదుపులు వేరే సంగతి, మీరు చూసింది అదై ఉంటుంది.

బొబ్బిలి_పనస
సందు గురించి ఎవరూ మళ్ళీ మాట్లాడలేదు. 3 మి.మీ. అంటే చాలా ఎక్కువ. రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. మధ్యలో అంత సందుంటే కింద గాలి ఆ సందులోంచి పైకి కారిపోతుంది. ఎయిలెరాన్ కిందికి వంచి నువ్వు పుట్టించే తేడా అంతా అక్కడే పోతుంది. పొడవునా 3 మి.మీ. సందంటే ఒక్కో రెక్కకి కిటికీ తెరిచిపెట్టినట్టే.

నేను వీణల పని దగ్గర పెరిగినవాణ్ణి, మా ఊళ్ళో పనసచెక్కతో ఒకే మొద్దులో కడతారు. అతుకులో వెంట్రుకంత సందున్నా నాదం మారిపోతుంది. నా మోడల్స్‌లో కూడా హింజ్ సందుని అలాగే చూస్తాను.

నాగావళి_గాలి
బొబ్బిలి వాళ్ళు విమానానికి కూడా శ్రుతి చేస్తారన్నమాట 🙂 సందు దేనితో మూస్తారు? నేను పొందూరు ఖద్దరు పట్టీ అంటిద్దామనుకున్నాను. కొండపత్తి నూలు, వాలుగ చేప దవడతో ఏకి వడికినది, అంత సన్నం బట్ట ఇంకెక్కడ దొరుకుతుంది.

పాత_ఫిట్టర్
మన పొందూరు మాట వింటే సంతోషంగా ఉంది. వెనకటి విమానాలకి రెక్కల మీద బట్టే వేసేవారు, నూలుబట్ట మీద డోప్ అనే వార్నిష్ పూస్తే బిగుసుకుని డప్పులా మోగేది. కానీ ఖద్దరు విడిగా అంటిస్తే పోగుల మధ్య గాలి దూరుతుంది, డోప్ పూస్తే బిరుసెక్కి ఎయిలెరాన్ కదలదు. హింజ్‌కి మెత్తని పారదర్శకం టేపే నయం. ఖద్దరు రెక్క మీద వేసి చూడు, అక్కడ రాణిస్తుంది.

బొబ్బిలి_పనస
టేపు అంటించే పద్ధతి. ఎయిలెరాన్ పూర్తిగా పైకి లేపి పట్టుకో, అప్పుడు అడుగున సందు బాగా తెరుచుకుంటుంది. ఆ స్థితిలో అడుగు నుంచి టేపు అంటించు, సందులోకి కొద్దిగా మడత దిగాలి. అలా చేస్తే ఎటు తిప్పినా టేపు బిగుసుకోదు. మామూలుగా పెట్టి అంటిస్తే పైకి లేచేటప్పుడు టేపు లాగుతుంది, సర్వో మూలుగుతుంది.

చీపురుపల్లి_సర్వో
సర్వో మాట వచ్చింది కాబట్టి. సర్వో చెయ్యి రంధ్రం అరిగి వదులైందేమో చూడండి. స్టిక్ కదపకుండా ఎయిలెరాన్‌ని వేలితో అటూ ఇటూ ఊపండి. 2 మి.మీ. ఊగితే స్టిక్‌లో మొదటి కొంత భాగం వృథా. స్పీడులో ఆ వదులే ఎయిలెరాన్‌ని గడగడలాడించి విరిచేస్తుంది కూడా. ఫ్లట్టర్ వల్ల నా స్నేహితుడి విమానం గాల్లోనే రెక్క వదిలేసింది.

గంటస్తంభం77
ఇన్ని సంగతులు ఇంత ఓపికగా చెప్పారు, మనసు నిండింది. రాత్రి రెక్క బల్లమీద పెట్టి పాత_ఫిట్టర్ గారు అడిగిన మెలిక కొలిచాను. కుడి రెక్క చక్కగా ఉంది. ఎడమ రెక్క చివర వెనక అంచు 5 మి.మీ. కిందికి వంగి ఉంది. మూడుసార్లు కొలిచాను, మారలేదు.

కట్టినప్పుడు సమానంగానే ఉంది, ఒట్టు. రెండు నెలలు అటక మీద, రేకుల కింద పెట్టాను. ఎండకి ఫిల్మ్ ఒకవైపు ఎక్కువ బిగుసుకుని లాగినట్టుంది.

పాత_ఫిట్టర్
దొరికింది. 36 సెం.మీ. వెడల్పుకి 5 మి.మీ. అంటే దాదాపు ముప్పావు డిగ్రీ. ఎడమ చివర కుడి చివర కంటే ఎప్పుడూ ముప్పావు డిగ్రీ ఎక్కువ నిటారుగా ఉంది. అందుకే మూడుసార్లూ ఎడమే. స్పీడులో ట్రిమ్ ఇచ్చి సర్దుకుని ఉంటావు, తెలిసి ఉండదు.

విరిగిన రిబ్బులు మార్చాక ఇద్దరు పట్టుకోండి. ఒకరు రెక్క చివరని మెలిపెట్టి పట్టుకుంటే ఇంకొకరు హీట్ గన్‌తో ఫిల్మ్ వేడి చేయాలి. చల్లారేదాకా వదలకూడదు. సమానం చేసి ఆపకు, రెండు చివర్లలోనూ వెనక అంచు 12 మి.మీ. పైకి ఉండేలా చెయ్యి. అది 2 డిగ్రీల వాషౌట్. చివర్లు ఆఖరున స్టాల్ అవుతాయి. ఇకమీదట అటక మీద పెట్టకు, గోడకి నిలువుగా తగిలించు.

తర్వాత సందు మూయడం, ఎయిలెరాన్ పైకి 40, కిందికి 18 చేయడం. కిందికి తక్కువ దిగితే లాగుడు తగ్గుతుంది, ముక్కు అటువైపు తిరగదు.

నాగావళి_గాలి
నాకు ఇంకో అనుమానం. నువ్వు ఎగరేసే చెరువు గట్టు మీద తాటిచెట్లు వరసగా ఉంటాయి కదా? నేను ఆ వైపు వచ్చాను ఒకసారి. దించేటప్పుడు గట్టు ఎటు ఉంటుంది?

గంటస్తంభం77
ఎదురుగా. సాయంత్రం గాలి గట్టు వైపు నుంచే వస్తుంది, గాలికి ఎదురుగా దించాలి కాబట్టి.

నాగావళి_గాలి
గట్టుకి ఎంత దగ్గరగా దించుతున్నావు?

గంటస్తంభం77
40, 50 అడుగులు. అక్కడే నేల చదునుగా ఉంటుంది.

నాగావళి_గాలి
అదీ సంగతి. పైన ఉన్నప్పుడు 15 కి.మీ. ఎదురుగాలి ఉందనుకో. విమానం గాలిలో 35 చేస్తుంటే నేల మీద 20 చేస్తున్నట్టు కనిపిస్తుంది, నీకు అది అలవాటైపోతుంది. గట్టు మరుగులోకి దిగేసరికి గాలి ఒక్కసారి ఆగిపోతుంది. విమానానికి వేగం పుంజుకునే టైముండదు. రెక్కకి తగిలే గాలి 35 నుంచి ఇరవైకి పడిపోతుంది, నీ స్టాల్ 31. ఎయిలెరాన్ ఎంత పెద్దదైతే ఏం లాభం. ధాన్యం తూర్పారపట్టేవాళ్ళు గట్టు మరుగున నిలబడరు కదా, మనమూ అక్కడ దించకూడదు. గట్టుకి దూరంగా, చెరువు అవతలి సగంలో దించు.

పాత_ఫిట్టర్
ఇది నాకు తట్టలేదు. చాలా మంచి మాట.

అలాస్కా_తెలుగోడు
ఇక్కడ నది ఒడ్డు స్ప్రూస్ చెట్ల వెనక దించేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. చెట్ల వరుస కనిపిస్తే 5, 6 మైళ్ళ వేగం అదనంగా ఉంచుకుంటాం.

ఏరో_మూడోఏడు
వోర్టెక్స్ జనరేటర్ల గురించి ఒకటి చెప్పాలి, అలాస్కా అన్న చెప్పింది అలాగే కొలత తగ్గించి అంటిస్తే సరిపోదు. అసలు విమానం రెనాల్డ్స్ సంఖ్య (ఇది తక్కువైతే గాలి జిగురు ప్రభావం ఎక్కువ) దిగేటప్పుడు 20 లక్షల దగ్గర, ఈ మోడల్‌ది 2 లక్షల దగ్గర. అంటే మోడల్ మీద గాలి ఇంకా జిగురుగా ఉన్నట్టు, రెక్క నుంచి త్వరగా ఊడిపోతుంది. కాబట్టి మోడల్‌కే వీటి అవసరం ఎక్కువ. ముందు అంచు నుంచి 36 మి.మీ. దగ్గర, అంటే పదో వంతులో, నెమ్మదించిన గాలి పొర మందం లెక్కేస్తే 1.3 మి.మీ. వచ్చింది. పలక ఎత్తు 3 మి.మీ. ఉంటే పైన జోరుగాలిని అందుకుంటుంది. అంతకంటే పెద్దదైతే లాగుడే మిగులుతుంది.

రెక్క అంతా వద్దు, ఎయిలెరాన్ల ఎదర మాత్రమే చాలు. మధ్య భాగం ముందు స్టాల్ అవ్వాలి కదా.

బల్సాబాబు
పలకలు దేంతో చేయాలి? నేను కూల్‌డ్రింక్ సీసా కోసి చేశాను, జిగురు పట్టలేదు.

బొబ్బిలి_పనస
సీసా ప్లాస్టిక్‌ని ముందు గరుకు కాగితంతో రుద్దాలి. ఫిల్మ్ మీద రెండువైపులా అంటుకునే సన్నని టేపు వాడు, కుదరకపోతే పీకేయొచ్చు.

ఉద్దానం_కొబ్బరి
తోక సంగతి? నాది దించేటప్పుడు ముక్కు లేపబోతే ఎలివేటర్ చాలదు. ధబీమని కూర్చుంటుంది.

పాత_ఫిట్టర్
నీ బ్యాలన్స్ పాయింటు బాగా ముందుకుందేమో చూడు. ముక్కు బరువైతే విమానం నిలకడగా ఉంటుంది గానీ, నెమ్మదిలో దాన్ని లేపడానికి ఎలివేటర్ చాలదు. మరీ వెనక్కి జరిపితే స్టాల్ నుంచి కోలుకోదు. కొద్దికొద్దిగా, ఒకసారికి 3 మి.మీ. జరుపుతూ చూడు. బ్యాలన్స్ బాగానే ఉంటే అప్పుడు తోకకి పలకలు పెట్టుకోవచ్చు, కానీ తోక పైన కాదు, అడుగున. తోక కిందికి నొక్కుతుంది కాబట్టి పీల్చే వైపు అడుగే. చాలామంది పైన అంటించి పనిచేయలేదంటారు. దించేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసేస్తున్నావా? కొంచెం ఉంచు, భావనపాడు బాబు చెప్పిన ఫ్యాను గాలే ఇక్కడా.

చీపురుపల్లి_సర్వో
ఒక మాట, 5 కిలోల విమానం అంటే 2021 డ్రోన్ నిబంధనల్లో 2 నుంచి 25 కిలోల చిన్న తరగతిలోకి వస్తుంది. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చెరువు ఏ రంగులో ఉందో చూసుకున్నారా? ఆకుపచ్చలో 400 అడుగులు దాటకూడదు. భోగాపురం విమానాశ్రయం వైపు వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్త.

గంటస్తంభం77
చూశాను, ఆకుపచ్చలోనే ఉంది. 200 అడుగులు దాటను, అంతకంటే పైకెళ్తే నా కళ్ళకి ఆనదు. మేకల కాపరులు లేని టైము చూసుకునే ఎగరేస్తాను.

గంటస్తంభం77
రెండు వారాలు పట్టింది. చేసింది చేసినట్టు రాస్తున్నాను.

రిబ్బులు మార్చి, మా తమ్ముడు పట్టుకుంటే హీట్ గన్‌తో మెలిక సరిచేశాను. ఎడమ చివర 11, కుడి చివర 12 మి.మీ. వచ్చింది, అంతకంటే దగ్గరికి తేలేకపోయాను. సర్వో చెయ్యి నిజంగానే వదులైంది, మార్చాను. అన్నీ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో తెలియదని వరసగా చేశాను. ప్రతిసారీ 150 అడుగుల ఎత్తులో థ్రాటిల్ మూసి, స్టిక్ వెనక్కి లాగుతూ నాలుగుసార్లు స్టాల్ చేశాను, తమ్ముడు రాసుకున్నాడు.

మెలిక సరిచేశాక నాలుగింటిలో ఒక్కసారే ఎడమకి, ఒకసారి కుడికి వాలింది, రెండుసార్లు ముక్కు తిన్నగా దిగింది. ఇదే అన్నిటికంటే పెద్ద మార్పు. సందు మూశాక ఎయిలెరాన్‌కి ప్రాణమొచ్చింది, సగం స్టిక్‌కే కదులుతోంది. కిందికి 18 చేశాక కుడి తిప్పితే ముక్కు ఎడమకి పోవడం ఆగింది. స్పీడులో దొర్లడం కొంచెం బద్ధకించింది, నాకు పర్వాలేదు. పలకలు ఎయిలెరాన్ల ఎదర పక్కకి పన్నెండు చొప్పున అంటించాను. వాటితో తేడా ఉంది గానీ మిగతావాటంత కాదు.

రడ్డర్ మాత్రం కష్టంగా ఉంది. వేలు ఎయిలెరాన్ వైపే పోతోంది. పాత_ఫిట్టర్ గారూ, రోజూ సాయంత్రం కంప్యూటర్ సిమ్యులేటర్‌లో అరగంట రడ్డర్‌తోనే ఎగరేస్తున్నాను.

నిన్న చెరువు అవతలి సగంలో, గట్టుకి బాగా దూరంగా దించాను. ఆరుసార్లు. ఆరుసార్లూ మూడు చక్రాల మీదే దిగింది. నాలుగోసారి ఎడమ రెక్క కొంచెం వాలబోయింది, కుడి రడ్డర్ ఇచ్చాను, లేచింది. తమ్ముడు అరిచిన అరుపు గట్టు అవతలికి వినిపించి ఉంటుంది.

పాత_ఫిట్టర్
ఆ నాలుగోది చదివి కళ్ళు చెమర్చాయి బాబూ. ఫ్లాప్ దించి చూశావా?

గంటస్తంభం77
ఇంకా లేదండీ. వచ్చే ఆదివారం పది డిగ్రీలతో మొదలుపెడతాను, ఎయిలెరాన్లు 5 మి.మీ. పైకి మిక్స్ పెట్టి ఉంచాను. మొదట పైనే స్టాల్ చేసి చూస్తాను.

భావనపాడు_కుర్రోడు
ఆదివారం పొద్దున్న బస్సెక్కి వస్తాను అన్నా. నాకు ఆ రడ్డర్ లేపడం కళ్ళతో చూడాలనుంది. చెరువు దగ్గరికి ఏ ఊళ్ళో దిగాలి?